కీబోర్డు కంటే ముందు టేపు ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తకంలో ఎలక్ట్రానిక్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్ళే తక్కువ, అందుకని ముందు ఆ రచయితకి నా అభినందనలు. అయితే అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1960ల్లో కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజర్ అనే కీబోర్డు వాద్యం వచ్చాకే ఈ సంగీతం పుట్టిందనీ, రికార్డింగ్ మెషీన్లు దాన్ని దాచిపెట్టుకోవడానికి పనికొచ్చాయనీ ఉంది. నా పేచీ అంతా ఈ రెండో సగంతోనే. దాచుకోవడానికి కాదండీ, తయారుచేయడానికే ఆ మెషీన్లు వాడారు. వాయించింది వాటినే.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. కాకినాడలో చాలా ఏళ్ళు టేప్ రికార్డర్ల రిపేరు షాపు నడిపాను. దూది, స్పిరిట్ పెట్టి, టేపు రాసుకుని పోయే హెడ్లు తుడవడం, సాగిపోయిన బెల్టులు మార్చడం, సెట్టు నమిలేసిన క్యాసెట్లు విప్పి అతుకులు వేయడం, ఇదీ నా విద్య. షాపు మూసేశాక మా అబ్బాయి ఫోన్లో యూట్యూబ్ చూపించాడు. పాత మెషీన్ల వీడియోలు చూస్తూ చూస్తూ, వాటితో పారిస్‌లో, లండన్‌లో కొందరు చేసిన వింత సంగీతం దగ్గర తేలాను. రాగం, తాళం తెలిసినవాళ్ళకి అందులో ఏం వినిపిస్తుందో గానీ, నాకు మాత్రం మోటారు, హెడ్, బ్లేడు వినిపించాయి.

కరెంటుతో మోగే వాద్యాలు అంతకు ముందే ఉన్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. రష్యాలో థెరెమిన్ అనే ఆయన 1920లోనే ముట్టుకోకుండా గాల్లో చేతులు ఆడించి వాయించే వాద్యం చేశాడు. ఫ్రాన్స్‌లో మార్తెనో తన వాద్యాన్ని 1928లో వేదిక ఎక్కించాడు. కానీ వాటిని వయొలిన్ వాయించినట్టే వాయించారు. పక్కన పియానో, ఎదురుగా జనం, చివర చప్పట్లు. కరెంటు వచ్చినంత మాత్రాన సంగీతం చేసే పద్ధతి మారిపోలేదు. మోగి మాయమైపోయే ధ్వని చేత్తో పట్టుకుని కొలిచి, కోసి, తిరగేయగలిగే వస్తువు అయ్యాక మారింది.

పారిస్ రేడియోలో పియెర్ షెఫేర్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1948లో ఆయన రికార్డింగ్ సామాను వేసుకుని బాతిన్యోల్ రైల్వే స్టేషన్‌కి వెళ్ళి ఆవిరి ఇంజన్ల కూతలు, బుసలు, పట్టాల అతుకులు దాటేటప్పుడు పెట్టెలు చేసే టకటకలు పట్టుకొచ్చాడు. అప్పటికి ఆయన దగ్గర టేపు లేదు. మెత్తటి పూత ఉన్న డిస్కు మీద సూదితో గాడి కోసి రికార్డు చేయడమే. ఆయన చేతిలో ఉన్నవి కొన్ని టర్న్‌టేబుళ్ళు, ధ్వనులు కలిపే ఒక మిక్సరు, గాడి కోసే మెషీను. ఆ సంగీతం ఎలా ఉండాలో సగం నిర్ణయించింది ఈ సామానే.

మామూలు రికార్డులో గాడి బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. షెఫేర్ దాన్ని ఒక్క చుట్టు తిప్పి మళ్ళీ దాని మొదలుకే కలిపేశాడు. ఇక సూది ముందుకు పోదు, అదే ముక్క మళ్ళీ మళ్ళీ మోగుతుంది. మన పెళ్ళిపందిళ్ళలో మైక్ సెట్ మీద రికార్డు గీత పడి ఒకే మాట దగ్గర ఆగిపోతే, ఆపరేటర్ కాఫీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చి సూది జరిపేవాడు. చెప్పిందే చెప్పేవాణ్ణి ‘అరిగిపోయిన రికార్డు’ అని మనం ఇప్పటికీ తిడతాం. షెఫేర్ ఆ అరిగిపోయిన రికార్డును కావాలని తయారు చేసుకున్నాడు. రైలు చప్పుడులో ఒక టక, ఒక బుస తీసుకుని తిప్పుతూ ఉంటే కాసేపటికి రైలు సంగతి మరిచిపోతాం, లయ ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ మెకానిక్ లెక్క ఒకటి చెప్పాలి. డిస్కు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి ముప్పావు సెకను, ఇంకొంచెం. మూసిన గాడిలో పట్టేది అంతే. ఆ ముక్కల నిడివిని సంగీతకారుడి మనసు కాక మోటారు ఖాయం చేసింది. అదే డిస్కును 33 చుట్ల స్పీడులో పెడితే ధ్వని నిడివి రెట్టింపు దాటుతుంది, శ్రుతి ఒక స్థాయి కన్నా కిందికి దిగిపోతుంది. ఈ రెండూ కలిసే జరుగుతాయి, విడదీయడం ఆ మెషీన్‌తో కుదరదు. ఆ రోజుల సంగీతంలో నెమ్మదిగా సాగేవన్నీ బరువుగా, హడావిడివన్నీ కీచుగా వినపడడానికి కారణం అదే. మా షాపులో ‘పాట లాగుతోందండీ’ అని సెట్టు తెచ్చేవాళ్ళ బాధ కూడా ఇదే సూత్రం: బెల్టు సాగితే గాయని గొంతు గాయకుడి గొంతవుతుంది.

గంట మీద ఆయన చేసిన పని నాకు ఇంకా ఇష్టం. గంట కొట్టినప్పటి మొదటి ‘ఠంగ్’ తీసేసి, వెనక సాగే ధ్వని మాత్రమే రికార్డు చేశాడు. విన్నవాళ్ళకి అది గంటలా అనిపించదు, ఏదో ఊదే వాద్యంలా ఉంటుంది. ఏ వాద్యమో మన చెవి గుర్తుపట్టేది చాలావరకు ఆ మొదటి క్షణం వల్లనే అని అలా బయటపడింది. ఈ సంగతి పుస్తకం చదివి తెలిసింది కాదు, సూది ఎక్కడ పెట్టాలో చూసుకునే పనిలో తెలిసింది. 1948 అక్టోబరు 5న ఇవన్నీ కలిపి ‘చప్పుళ్ళ కచేరీ’ పేరుతో ఫ్రెంచి రేడియోలో ప్రసారం చేశారు. సింథసైజర్ అన్న మాటతో మీ వ్యాసం మొదలుపెట్టిన కాలానికి ఇది పదిహేనేళ్ళకు పైగా ముందు.

ఇక టేపు. దాని పుట్టుక జర్మనీలో. డ్రెస్డెన్‌లో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ కాగితపు పట్టీ మీద ఇనుప పొడి అంటించి 1928లో పేటెంట్ తీసుకున్నాడు. ఏఈజీ కంపెనీ దాన్ని మెషీన్‌గా చేసి 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో పెట్టింది. మొదట్లో దాని ధ్వని అంతంత మాత్రం. 1940లో జర్మన్ రేడియోలో వాల్టర్ వెబర్ అనే ఇంజనీరు చేతిలో బయాస్ కిటుకు బయటపడ్డాకే అసలు సంగతి తెలిసింది. చెవికి అందనంత పై ఫ్రీక్వెన్సీ కరెంటును పాటతో కలిపి హెడ్‌కి ఇస్తే బుస్సుమనే చప్పుడు అణిగి పాట తేటగా వస్తుంది. మన దగ్గర అమ్మిన చవక సెట్లలో ఈ ఖర్చు తప్పించుకోడానికి డీసీ బయాస్, అంటే ఊగకుండా ఒకే తీరుగా పారే కరెంటు, పెట్టేవారు. ‘కొత్త సెట్టే, మరి ఈ బుస్సు ఏమిటి’ అని అడిగేవాళ్ళకి సమాధానం చెప్పలేక నా ప్రాణం పోయేది.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యంలో ఉన్న జాక్ ముల్లిన్ ఆ జర్మన్ మెషీన్లు రెండింటిని విప్పి, ముక్కలు ముక్కలుగా పోస్టులో ఇంటికి పంపుకున్నాడు. వాటితో పాటు యాభై టేపు రీళ్ళు. 1946 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్ల ముందు వినిపించాడు. గాయకుడు బింగ్ క్రాస్బీకి ప్రతి వారం రేడియోలో లైవ్‌గా పాడటం విసుగు. ముందే పాడి పెట్టేసుకుంటే తీరిక దొరుకుతుందని ఆంపెక్స్ అనే చిన్న కంపెనీకి 50,000 డాలర్లు ఇచ్చాడు. ఆంపెక్స్ మొదటి మెషీన్ 1948లో వచ్చింది. సంగీతంలో విప్లవం తెద్దామని వీళ్ళెవరూ అనుకోలేదు. ఒకాయనకి సెలవు కావాలి, అంతే.

టేపుకీ డిస్కుకీ ఉన్న తేడా ఏమిటంటే బ్లేడు. డిస్కును కోసి అతకలేం. టేపును కోయొచ్చు. స్టూడియోల్లో పెద్ద రీళ్ళతో నడిచే స్పూల్ మెషీన్లలో టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు నడిచేది. అంటే ఒక సెంటీమీటరు ముక్క కోస్తే అది సెకనులో సుమారు నలభయ్యో వంతు. ఒక అక్షరం మొదలు, ఒక మృదంగం దెబ్బ చివర, అన్నీ కంటికి కొలతగా కనిపిస్తాయి. మన క్యాసెట్లో టేపు సెకనుకి ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు. అందులో ఒక సెంటీమీటరు పోతే పాటలో ఒక అక్షరం మొత్తం ఎగిరిపోతుంది. క్యాసెట్ అతుకు వేశాక కస్టమర్ ‘ఇక్కడేదో పోయిందండీ’ అని పట్టేసేది అందుకే. స్పూల్ మీద పనిచేసినవాళ్ళకి ఈ బాధ లేదు. సమయాన్ని స్కేలుతో కొలిచి కోసుకునే వీలు వాళ్ళకి దొరికింది.

కోసే కోణం కూడా ముఖ్యం. ఏటవాలుగా, 45 డిగ్రీలలో కోసి అతికితే ఒక ధ్వని మరోదానిలోకి జారిపోతుంది, అతుకు తెలియదు. నిలువుగా కోస్తే ఠక్కున మొదలవుతుంది. న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే సంగీతకారుడు 1952లో చేసిన ‘విలియమ్స్ మిక్స్’ అనే పనికి ఈ కోతలే స్వరలిపి. కాగితం మీద టేపు ముక్కలను అసలు సైజులో గీసి పెట్టుకున్నాడు. దర్జీ పేపర్ కటింగ్ మీద గుడ్డ పరిచినట్టు టేపును దాని మీద పరిచి కోయడమే. ఆ పద్ధతిలో ఎనిమిది ట్రాకులు, అంటే ఒకేసారి మోగాల్సిన ఎనిమిది టేపులు. స్నేహితులు కలిసి నెలల తరబడి కోసి అతికితే వచ్చింది నాలుగు నిమిషాల పైన కొంచెం. ఆ ఓపికకి నా దండం. ఫలితం మాత్రం నేను రెండోసారి వినలేదు.

జర్మనీలోని కొలోన్ ఊరి వాళ్ళ దారి వేరు. అక్కడి రేడియోలో 1951లో హెర్బర్ట్ ఐమర్ట్ పెద్దగా స్టూడియో మొదలైంది. రైళ్ళు, గంటలు వాళ్ళకి పనికిరావు. కరెంటు నుంచి పుట్టిన శుద్ధమైన ధ్వనే కావాలి. మరి ఆ ధ్వని ఎక్కడ దొరికింది? రేడియో ఇంజనీర్ల టెస్టింగ్ బల్ల మీద. లైన్లు, ఆంప్లిఫయర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే సిగ్నల్ జనరేటర్లు, ఫిల్టర్లు. నా షాపులోనూ ఒక సిగ్నల్ జనరేటర్ ఉండేది. దాని ‘కూ’ వింటే పక్క కిళ్ళీ కొట్టతను విసుక్కునేవాడు.

కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌసెన్ అనే సంగీతకారుడు 1954లో అక్కడ ‘స్టడీ’ పేరుతో చేసిన రెండో పని తీసుకోండి. మూడు నిమిషాల పైన ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర మొదలై సుమారు 17,200 దాకా 81 మెట్లు ఆయన సొంతంగా లెక్క వేసుకున్నాడు. సరిగమలకీ పియానో మెట్లకీ దానితో సంబంధం లేదు. ఒక్కో ధ్వనిలో ఐదు ఫ్రీక్వెన్సీలు కలిసి మోగాలి. కానీ అన్నీ ఒకేసారి మోగించి రికార్డు చేయలేదు. ఐదింటిని విడివిడిగా రికార్డు చేసి, సన్నటి ముక్కలుగా కోసి, ఒకదాని వెనక ఒకటి అతికి, ప్రతిధ్వని గదిలో వినిపించాడు. గదిలో ఆ ఐదూ కలగలిసిపోయి మోగుతుంటే ఆ ప్రతిధ్వనిని మళ్ళీ టేపు మీదకి ఎత్తాడు. ఆ పనిలో వినిపించే పొగలాంటి మెత్తదనం ఏ జనరేటర్‌దీ కాదు, బ్లేడు, గోడలు, టేపు కలిసి ఇచ్చింది. రెండేళ్ళ తర్వాత ఒక కుర్రాడి గొంతునూ ఈ శుద్ధ ధ్వనులనూ కలిపి చేసిన పనితో పారిస్, కొలోన్ల మధ్య గోడ ఆయనే కూల్చాడు. నిజం చెప్పాలంటే కొలోన్ సంగీతం నాకు హాయిగా ఉండదు. పని గొప్పది, వినడానికి మాత్రం పంటి డాక్టర్ గది గుర్తొస్తుంది.

లండన్ గురించి చెప్పకుండా ఉండలేను. బీబీసీలో డాఫ్నీ ఓరమ్ అనే అమ్మాయి 1940ల్లో స్టూడియో ఇంజనీరుగా చేరింది. ఈ పరికరాలతో సంగీతం చేయొచ్చని ఎన్నిసార్లు చెప్పినా పైవాళ్ళు పట్టించుకోలేదు. రాత్రిళ్ళు అందరూ వెళ్ళాక వేరే వేరే స్టూడియోల నుంచి టేపు మెషీన్లను ఒకచోటికి తోసుకొచ్చి, తెల్లారేసరికి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసేదట. స్టూడియో స్పూల్ మెషీన్ బరువు ఎంతో ఎత్తినవాళ్ళకి తెలుసు. చివరికి 1958లో మైడా వేల్ స్టూడియోల్లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ పెట్టారు. నాటకాలకి ‘వింత చప్పుళ్ళు’ చేసిపెట్టడం దాని పని, సంగీతం అని పిలవడానికి కూడా ఆఫీసుకి మొహమాటం. మరుసటి ఏడాదే ఓరమ్ రాజీనామా చేసి వెళ్ళిపోయింది.

ఆ వర్క్‌షాప్‌కి 1962లో డెలియా డార్బిషైర్ వచ్చింది. కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం చదివిన మనిషి. ఒక రికార్డు కంపెనీ ‘స్టూడియోల్లో ఆడవాళ్ళని తీసుకోం’ అని తిప్పి పంపేసింది. 1963లో ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్‌కి రాన్ గ్రేనర్ ఒక కాగితం మీద బాణీ రాసిచ్చి సెలవు మీద వెళ్ళాడు. దాన్ని మోగించడం ఈమె వంతు.

ఇప్పుడైతే ఇరవై నిమిషాల పని. అప్పుడు వాళ్ళ దగ్గర సింథసైజర్ లేదు, ఒకే టేపు మీద వరుసలను విడివిడిగా పేర్చే మల్టీట్రాక్ మెషీన్ కూడా లేదు. ఒక తీగను మీటి రికార్డు చేసి, దాన్నే రకరకాల స్పీడుల్లో కాపీ చేసి కింది స్వరాలు తీశారు. పైన ఊళ వేస్తూ జారే బాణీ, సిగ్నల్ జనరేటర్ల లాంటి టెస్టింగ్ ఆసిలేటర్లది, నాబ్ చేత్తో తిప్పుతుంటే ఆ జారుడు వచ్చింది. ప్రతి స్వరాన్నీ విడిగా రికార్డు చేయడం, నిడివిని టేపు మీద కొలిచి కోయడం, వరుసగా అతకడం. ఇలా తయారైన టేపులను వేరు వేరు మెషీన్ల మీద ఎక్కించి అన్ని బటన్లూ ఒకేసారి నొక్కి కలిపి రికార్డు చేసేవారు. ఆమెకు సాయం చేసిన డిక్ మిల్స్ చెప్పిన ముచ్చట ఒకటి ఉంది. ఎక్కడో ఒక స్వరం కుదరడం లేదు. వినీ వినీ దొరక్క, టేపులను పొడవాటి కారిడార్‌లో పక్కపక్కన పరిచి, అతుకులు ఒకదాని ఎదురుగా ఒకటి పడుతున్నాయో లేదో చూసుకుంటూ నడిచారట. తప్పు చెవికి దొరకలేదు, కంటికి దొరికింది. ఈ కథ విన్నాక నాకు ఆ రోజంతా నవ్వు ఆగలేదు. మంచి మెకానిక్ చేసే పనే అది.

గ్రేనర్ తిరిగొచ్చి విని ‘ఇది నేను రాసిందేనా’ అని అడిగితే, ‘చాలామటుకు’ అందట ఆమె. సొమ్ములో సగం ఆమెకి ఇస్తానని ఆయన అన్నాడు. బీబీసీ నిబంధన ఒప్పుకోలేదు. ఉద్యోగి పేరు వేసేవారు కాదు, వర్క్‌షాప్ పేరే వేసేవారు. తెర మీద ఆమె పేరు పడింది 2013లో, సీరియల్‌కి యాభై ఏళ్ళు నిండినప్పుడు. ఆమె 2001లోనే పోయింది.

తర్వాత సంగతి అమెరికాది. మోటార్ల మీద బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇది మరీ దగ్గర. ఏ రెండు మోటార్లూ ఒకే స్పీడులో తిరగవు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఎంతో కొంత తేడా ఉంటుంది. స్టీవ్ రైష్ అనే సంగీతకారుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వీధి ప్రసంగీకుడి మాటలు రికార్డు చేసి, అందులో ఒక చిన్న ముక్కను, మొదలూ చివరా కలిపి అతికిన రెండు టేపు లూపులుగా చేసి, రెండు చవక మెషీన్ల మీద ఒకేసారి వదిలాడు. మొదట రెండూ కలిసే మోగాయి. కాసేపటికి ఒకటి వెంట్రుకవాసి వెనకబడింది. ఇంకాస్త, ఇంకాస్త. మాట రెండుగా చీలి, ప్రతిధ్వనిగా మారి, చివరికి అందులో ఎవరూ అనని లయలు పుట్టుకొచ్చాయి. వేరే ఎవరైనా అయితే మెషీన్ బాగాలేదని నాలాంటివాడి దగ్గరికి తెచ్చేవారు. ఆయన 1965లో దాన్నే సంగీతం చేశాడు. తర్వాత అదే పద్ధతిని పియానోల మీద మనుషుల చేత వాయించాడు. మనుషులు రెండు మోటార్లను అనుకరించడం ఎంత కష్టమో ఆ కచేరీ వీడియోలు చూస్తే తెలుస్తుంది.

మీ రచయిత గొప్పగా చెప్పిన మూగ్ సింథసైజర్ 1964లో కనిపించింది. కాదనను, గొప్ప యంత్రం. కానీ ఒక చిన్న వివరం వ్యాసంలో లేదు. దాని మీద ఒక్కసారికి ఒక్క స్వరమే మోగుతుంది. రెండు మీటలు కలిపి నొక్కి రెండు స్వరాలు ఒకేసారి వాయించడం కుదరదు. వెండీ కార్లోస్ 1968లో బాఖ్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త సంగీతాన్ని ఆ మూగ్ మీద చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది కదా, ఆ బాణీల్లో మూడు నాలుగు వరుసలు ఒకేసారి నడుస్తాయి. ఎలా? ఆంపెక్స్ భాగాలతో కట్టుకున్న ఎనిమిది ట్రాకుల టేపు మెషీన్ మీద ఒక్కో వరుసను విడిగా వాయించి, పేర్చుకుంటూ పోయింది. కాబట్టి సింథసైజర్ పేరు ఇంటింటికీ తెలిసేలా చేసిన ఆ రికార్డు కూడా టేపు మెషీన్ లేకపోతే లేదు.

మీ వ్యాసంలోనే కాదు, ఇంగ్లీషులో వచ్చే చాలా వ్యాసాల్లోనూ పారిస్, కొలోన్, న్యూయార్క్ తప్ప ఇంకో ఊరు కనపడదు. కైరో ఉండాలి. షెఫేర్ రైల్వే స్టేషన్‌కి వెళ్ళడానికి నాలుగేళ్ళ ముందు, 1944లో, హలీం ఎల్-దబ్ అనే ఈజిప్టు కుర్రాడు అక్కడి రేడియో స్టేషన్ నుంచి ఒక వైర్ రికార్డర్ అరువు తెచ్చుకున్నాడు. టేపు కంటే ముందు తరం అది. వెంట్రుకలా సన్నటి ఉక్కు తీగ మీద రికార్డవుతుంది. దాన్ని మోసుకెళ్ళి ‘జార్’ అనే ఆడవాళ్ళ తంతును రికార్డు చేశాడు. ఒంటి మీద వాలిన దాన్ని శాంతింపజేయడానికి డప్పులతో, పాటలతో చేసే తంతు. మన దగ్గర పూనకాలు చూసినవాళ్ళకి వేరే వివరం అక్కర్లేదు.

తీగను టేపులా బ్లేడుతో కోసి ఆడుకోలేం, ముడి వేయాల్సి వస్తుంది. అందుకని ఆయన కోతల జోలికి పోలేదు. స్టేషన్ స్టూడియోలో ప్రతిధ్వని గదిలో వినిపించి, మళ్ళీ రికార్డు చేసి, పై స్వరాలు, కింది స్వరాలు మార్చుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళ గొంతులు పోయి గాలిలో తేలే ఒక ఈల లాంటిది మిగిలింది. ఇప్పుడు మనకు దొరికేది అందులో రెండు నిమిషాలు. నేను విన్నవాటన్నిటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అదే. కొలోన్‌లో పరికరాల గది నిండా ఉన్నా దొరకని నిండుదనం అరువు తెచ్చిన తీగలో ఉంది. ఎల్-దబ్ తర్వాత అమెరికా వెళ్ళి అక్కడి పెద్ద స్టూడియోల్లోనూ పనిచేశాడు, 2017 దాకా బతికాడు. అయినా చరిత్ర పారిస్‌లోనే మొదలవుతుంది!

మన దేశానికి వస్తే, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో ఒక ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో పెట్టారు. మూగ్ సింథసైజర్, టేపు మెషీన్లు. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి దాన్ని అమర్చాడు. దీని వెనక గీతా సారాభాయ్ ఉన్నారు, 1946లోనే న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం చెప్పినావిడ. మనవాళ్ళు అందులో 1972 వరకు పనిచేశారు. తర్వాత అంతా మరుగున పడిపోయింది. 2017లో పాల్ పర్గాస్ అనే కళాకారుడు ఆ సంస్థలో వెతికితే స్పూళ్ళు దొరికాయి. వాటిలోని సంగీతం 2023లో ఆల్బమ్‌గా వచ్చింది. స్పూళ్ళు బతికి ఉన్నాయి కాబట్టి ఆ మూడేళ్ళు ఉన్నాయి. లేకపోతే అలాంటి స్టూడియో మన దేశంలో ఉండేదంటే నమ్మేవాళ్ళెవరు?

అందుకే ఒక విన్నపం కూడా. మన ఊళ్ళలో ఇంకా స్పూళ్ళున్న ఇళ్ళు ఉన్నాయి. హరికథలు, పరిషత్ నాటకాలు, తాతగారి పద్యాలు. అవి ఎవరికైనా ఉంటే పాత మెషీన్ కొని వెంటనే ఎక్కించెయ్యొద్దని మీ పత్రిక ద్వారా చెప్పండి. వెనిగర్ వాసన వస్తుంటే లోపలి ప్లాస్టిక్ చెడిపోతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి ముందు దాన్నే కాపీ చేయించాలి. టేపు జిగటగా ఉండి హెడ్‌కి అంటుకుంటుంటే పూత ఊడొస్తోందన్నమాట. అక్కడే ఆపేయాలి, లేకపోతే పాటంతా గోధుమరంగు పొడిగా హెడ్ మీదే మిగులుతుంది. అలాంటి టేపులను తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి కాపీ తీసే పద్ధతి ఉంది గానీ అది తెలిసినవాళ్ళే చేయాలి, వంటింటి ఓవెన్‌లో కాదు. పాత అతుకుల జిగురు ఎండిపోయి ఊడిపోతుంటాయి, ఊడిన ముక్కలు పారేయకుండా అదే వరుసలో పెట్టుకోవాలి. కాకినాడ చుట్టుపక్కల వాళ్ళెవరైనా వస్తే చూసిపెడతాను, డబ్బు తీసుకోను. టీ ఇప్పిస్తే కాదనను.

ఉత్తరం పెద్దదైందని తెలుసు. మీకున్న చోటుకి ఇది పట్టదు, కోయకుండా వేయండని అడగను. కోసేటట్టయితే లండన్ సంగతులు కోయండి, వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. జర్మనీ కూడా కొంత తగ్గించుకోవచ్చు. కైరో పేరాలు రెండూ మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాత టేప్ రికార్డర్ మెకానిక్,
కాకినాడ